‘ఫ్రీ సైజ్’ వింటేజ్ టోపీలతో జాగ్రత్త: విశాఖలో రెట్రో షూట్లకు కొనేవాళ్ల కోసం

రుషికొండ, భీమిలి తీరాల్లో రెట్రో ఫొటోషూట్లు పెరిగాక ఆన్‌లైన్‌లో ‘వింటేజ్ ఊల్ హ్యాట్ సెట్’ అని ఒకటి తెగ అమ్ముడవుతోంది. ఒక క్లోష్, ఒక పిల్‌బాక్స్ (అంచు లేని, పైన చదునైన చిన్న గుండ్రటి టోపీ), ఒక గడ్డి టోపీ. ‘వంద శాతం ఊలు, ఫ్రీ సైజ్’ అని రాశారు. పెట్టె విప్పి చూస్తే మూడింటిలో ఒక్కటీ చెప్పినట్టు లేదు.

అసలు తంటా సైజుతోనే. క్లోష్ లోపలి చుట్టుకొలత టేపు పెట్టి చూస్తే 55 సెంటీమీటర్లే. 56, 57 ఉన్న తలలు మామూలు, పైగా ఒత్తయిన జడ ఉంటే జుట్టే ఇంకో ఒకటి రెండు కలుపుతుంది. క్లోష్ అంటే ఫ్రెంచిలో గంట. 1920లలో బాబ్ కట్ తలలకు అతుక్కుని కనుబొమల దాకా దిగేలా వచ్చిన టోపీ అది. నడినెత్తిన కొప్పు పెట్టి తొడిగితే బోర్లించిన చెంబులా పైకి లేచి నిలబడుతుంది. అందుకే జుట్టు ముడిచాకే కొలవండి. టేపు కనుబొమలకు వేలెడు పైనుంచి, చెవుల మీదుగా, తల వెనక ఉబ్బెత్తు ఎముకను చుట్టి రావాలి.

పొడుగు జుట్టుకు కుదిరే తీరు ఇది. పక్క పాపిడి తీసి, వదులుగా రెండు జడలు అల్లి, మెడ దగ్గర ఒకదాని మీదుగా ఒకటి దాటించి యు పిన్నులతో చదునుగా అదమాలి. ముడి టోపీ అంచుకు కిందే ఉండాలి. ముందు మూడు వేళ్ల వెడల్పు పాయకు జెల్ రాసి, దువ్వెనతో ‘ఎస్’ ఆకారంలో వంపులు తిప్పి, వంపు వంపుకీ క్లిప్పు పెట్టాలి. మన సముద్రపు తేమకి జెల్ ఓ పట్టాన ఆరదు. సగం ఆరగానే క్లిప్పులు తీస్తే బీచ్ రోడ్డు చేరేలోపు వంపులు సాగిపోతాయి. డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి పూర్తిగా ఆరనివ్వండి. ఆ రోజు కొబ్బరినూనె మాత్రం వద్దు. ఈ టోపీల్లో చెమట పట్టీ కుట్టనే లేదు, నూనె నేరుగా ఫెల్ట్‌లోకి (పోగులు అదిమి చేసిన మందపాటి గుడ్డలోకి) ఇంకి మరక పడుతుంది.

బిగుతుగా ఉందంటే ‘ఆవిరి పట్టి సాగదీయండి’ అని అమ్మినవాళ్ల జవాబు. అసలు ఊలు ఫెల్ట్ అయితే ఆవిరికి కొంత సాగుతుంది, నిజమే. లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి పళ్లెంలో పెట్టి వెలిగించి చూడండి. ఊలైతే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అవుతుంది. ఈ పోగు కరిగి గట్టి పూసయింది, అంటే పాలిస్టర్. దీన్ని ఆవిరితో సాగదీయబోతే వంకర పోవడమే. ఇక గడ్డి టోపీ గడ్డీ కాదు, నారా కాదు. ఒక పోగు తడిపి పురి విప్పితే కాగితం పట్టీ బయటపడింది. ఒక్క వాన చినుకు చాలు దానికి.

పిల్‌బాక్స్ ఇంకో రకం. 1961లో అమెరికా అధ్యక్షుడిగా కెనెడీ ప్రమాణ స్వీకారం నాడు ఆయన భార్య జాక్వెలిన్ పెట్టుకున్న తీరులో ఇది తల వెనక వైపు కూర్చోవాలి. దానికి ఊతం కావాలి కదా! దీనికి ఎలాస్టిక్ లేదు, చిన్న ప్లాస్టిక్ దువ్వెన ఒక్కటే హాట్ గ్లూతో అంటించారు. మే ఎండలో మూసిన కారులో ఉంచితే ఆ జిగురు మెత్తబడి దువ్వెన ఊడుతుంది. ఇప్పటికే కొన్నవాళ్లు దువ్వెనను దారంతో కుట్టేయండి. రెండు పక్కలా జుట్టు రంగు గుండ్రటి ఎలాస్టిక్ కుట్టి, గడ్డం కిందకి కాకుండా చెవుల వెనకగా, జుట్టు అడుగున పోనివ్వండి. టోపీ కూర్చునే చోట ఒక చిన్న పాయను చుట్టచుట్టి రెండు పిన్నులు అడ్డంగా దూర్చితే దువ్వెన పళ్లకు పట్టు దొరుకుతుంది. నున్నటి జుట్టు మీద ఉత్త దువ్వెన నిలవదు, అందులోనూ సాయంత్రం గాలికి.

కొనేముందు లోపలి చుట్టుకొలత సెంటీమీటర్లలో అడగండి, చెప్పకపోతే వదిలేయండి. పెట్టె విప్పేటప్పుడు మధ్యలో ఆపకుండా వీడియో తీసి, టేపు పెట్టిన కొలతా అందులోనే చూపండి. ట్యాగు తెంపకండి. పోగు కాల్చేది కూడా వాపసు సంగతి తేలిపోయాకే, లేదంటే ‘మీరే పాడుచేశారు’ అంటారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఉలుకూ పలుకూ లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆర్డర్ నంబరు, బిల్లు, ‘వంద శాతం ఊలు’ అని ఉన్న పేజీ స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోండి. ఆ పేజీలో మాటలు ఎప్పుడైనా మార్చేయొచ్చు, స్క్రీన్‌షాట్ ఆర్డర్ పెట్టిన రోజే తీయాలి.