పద్మిని సీటు పట్టాలకు నిమ్మ ఉప్పు వైద్యం: ఐదేళ్ల తర్వాత

మా నాన్న 1986లో కొన్న ప్రీమియర్ పద్మిని ఇప్పటికీ మా దగ్గరే ఉంది. ఇల్లు విశాఖలో, పెదవాల్తేరు వైపు. ఆ సముద్రపు గాలికి కిటికీ ఊచలే నిలవవు, ఇక కారు సంగతి చెప్పేదేముంది! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకి షెడ్డు రేకులు లేచిపోయి కారు రాత్రంతా నానింది. తర్వాత తుడిచాం, ఎండబెట్టాం. కింద మ్యాటు ఎత్తి చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఏడాది తిరిగేసరికి సీటు ముందుకీ వెనక్కీ జరిగే ఇనుప పట్టాలు తుప్పు పట్టి, డ్రైవర్ సీటు నాన్న ఎత్తుకు సరిపోయే చోటే బిగుసుకుపోయింది. నేను ఆయన కంటే అరడుగు పొడుగు. క్లచ్ తొక్కి వదిలినప్పుడల్లా మోకాలు స్టీరింగ్‌కి కొట్టుకునేది. అలాగే ఐదారేళ్లు నడిపాను, అది వేరే కథ.

2020 లాక్‌డౌన్‌లో చేతికి పని లేక సీట్లు విప్పాను. బోల్టుల మీద డీజిల్ పోసి రెండు రోజులు నాననిచ్చాను. డ్రైవర్ వైపు మూడు బోల్టులు లొంగాయి, నాలుగోదాని తల విరిగి చేతిలోకొచ్చింది. దాన్ని డ్రిల్లుతో తొలిచి తీయడానికి ఒక పూట పట్టింది.

హార్డ్‌వేర్ షాపులు మూసి ఉన్నాయి, కిరాణా కొట్టు తెరిచి ఉంది. తుప్పు వదిలించడానికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) వాడటానికి అసలు కారణం అదే. ముందు డీజిల్ జిడ్డంతా సబ్బుతో కడిగాను. జిడ్డుంటే ఆ నీళ్లు ఇనుముని అంటవు. ఎనిమిది లీటర్ల వేడినీళ్లలో 400 గ్రాములు కలిపి పట్టాలు ముంచాను. అర గంటకే బుడగలు మొదలయ్యాయి. పొద్దున్నకి నీళ్లు పచ్చగా మారాయి, పట్టాలు బూడిదరంగు తేలాయి. వైర్ బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్లలో కడిగి, వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాను. ఆ ‘వెంటనే’ ముఖ్యం. ఒక పట్టా పక్కన పెట్టి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి దాని మీద మళ్లీ ఎర్రటి పొర కనిపించింది. లాకు పడే గాట్లలో ఒక్కటి మాత్రం బాగా అరిగి ఉంది. అది నాన్న గాటు.

మళ్లీ తుప్పు పట్టకుండా జింక్ ప్లేటింగ్, అంటే జింక్ పూత, కూడా ఆలోచించాను. కానీ ఈ పట్టాల అంచులు లోపలికి మడిచి ఉంటాయి, వాటి మధ్య రోలర్లు. ఆ సందుల్లో ప్లేటింగ్ ద్రవం మిగిలిపోతే లోపల్నుంచి తింటుందని మానుకున్నాను. నిమ్మ ఉప్పుకీ ఆ భయం ఉంది, అందుకే మూడుసార్లు కడిగాను.

పక్క సీటు దగ్గరికొచ్చేసరికి షాపులు తెరిచారు. దానికి తుప్పుని నల్లగా మార్చే ఫాస్ఫారిక్ ఆమ్లం మందు పూసి, పైన నల్ల పెయింటు వేశాను. చూడ్డానికి కొత్తదానిలా ఉంది. నాన్నకి తెలిసిన ముసలి మేస్త్రి చూసి, “బాబూ, పట్టా లోపల రంగేస్తే సీటు రంగు మీద నడుస్తాది, ఇనుం మీద కాదు” అన్నాడు. నేను వినలేదు.

ఐదేళ్ల తర్వాత సంగతి ఇది. డ్రైవర్ వైపు ఒక వేలితో లివరు ఎత్తితే సీటు ఇప్పటికీ జారుతుంది. పక్క సీటు మాత్రం రెండో వానాకాలానికే పట్టడం మొదలెట్టింది. రోలర్ల కింద పెయింటు పెచ్చులై లోపల ఇరుక్కుంది. మేస్త్రి ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

అయితే డ్రైవర్ వైపూ ఒక తప్పు చేశాను. లాకు స్ప్రింగుని కూడా పట్టాలతో పాటే రాత్రంతా ముంచాను. గట్టి స్టీలు ఆమ్లంలో ఎక్కువసేపు ఉంటే హైడ్రోజన్ ఎక్కి పెళుసుబారుతుందట, అప్పటికి నాకు తెలీదు. ఏడాదిన్నరకి బీచ్ రోడ్డులో బ్రేకు వేసిన క్షణాన స్ప్రింగు తెగి, సీటు నాతో సహా ముందుకు జారింది. స్పీడు తక్కువ కాబట్టి బతికిపోయాను. స్ప్రింగులు విడిగా తీసి బ్రష్‌తో రుద్దండి చాలు, లేదంటే కొత్తవి వేయండి.

గ్రీజు విషయంలోనూ మొదట్లో తప్పాను. మామూలు గ్రీజు దట్టంగా పూస్తే చెప్పులకి అంటుకొచ్చిన ఇసుకంతా అందులో చేరి గరగరలాడింది. ఇప్పుడు దాన్ని కిరోసిన్‌తో కడిగేసి, ఆరిపోయే రకం టెఫ్లాన్ స్ప్రే ఏడాదికి రెండుసార్లు కొడుతున్నాను. ఇసుక అంటడం లేదు.

ఇంకో సంగతి, నాకు ఆలస్యంగా అర్థమైంది. పట్టాలు బాగుచేసిన మొదటి వానకే మ్యాటు కింద మళ్లీ తడి. ముందు అద్దం రబ్బరు ఒక మూల ఎండి పగిలిపోయి, నీళ్లు డ్యాష్‌బోర్డు వెనకనుంచి దిగుతున్నాయి. ఆ రబ్బరు మార్చకుండా పట్టాలు ముట్టుకోవడం దండగ. అలాగే పట్టా బిగించే నట్ల చుట్టూ ఫ్లోర్ రేకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. దిగబడితే ముందు టింకరింగ్, వెల్డింగ్, తర్వాతే పట్టాలు.

పక్క సీటు పట్టాలు ఈ వేసవిలో మళ్లీ విప్పుతాను, ఈసారి పెయింటు లేకుండా. నిమ్మ ఉప్పు తెచ్చి పెట్టాను. అది పులిహోరకి వాడకుండా అమ్మని కాచుకోవడమే పని.