బ్యాక్‌స్టాప్‌జేఎస్: ఫుల్ పేజీ బేస్‌లైన్‌తో నా పేచీ

బ్యాక్‌స్టాప్‌జేఎస్ అంటే, వెబ్ పేజీకి ముందు తీసి పెట్టుకున్న బొమ్మను (అదే బేస్‌లైన్) ఇప్పటి బొమ్మతో పోల్చి తేడా చూపించే టూల్. దాన్ని ఎలా ఇన్‌స్టాల్ చెయ్యాలి, రిఫరెన్స్, టెస్ట్, అప్రూవ్ కమాండ్లు ఏం చేస్తాయి అన్నవి చాలామంది రాసేశారు. చాలాకాలంగా వాడుతున్నవాడిగా నాకు దాని మీద ఉన్న కోపం ఒక్కటే. పేజీలో ఏయే భాగాలకు బొమ్మ తియ్యాలో చెప్పే సెలెక్టర్ల జాబితా ఖాళీగా వదిలేస్తే పేజీ మొత్తానికి ఒకే బొమ్మ తీసి, ఇదే బేస్‌లైన్ అంటుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు.

మాది బరంపురం. ఇక్కడి పట్టుచీరల దుకాణాలకు, అప్పడాలు, పచ్చళ్లు అమ్మేవాళ్లకు సైట్లు చేసిపెట్టి, తర్వాత వాటి బాగోగులు చూసుకోవడం నా పని. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి కూడా గిరాకీ వస్తుంది కాబట్టి సైటులో ఒడియాతో పాటు తెలుగు, ఇంగ్లీషు కూడా ఉండాలంటారు. ఈ మూడు లిపుల వల్లే నాకు సెలెక్టర్ల విలువ తెలిసింది.

ముందు లెక్క చూడండి. 1366 పిక్సెళ్ల వెడల్పు, 5000 పొడవు ఉన్న పేజీలో 68 లక్షల పైచిలుకు పిక్సెళ్లుంటాయి. తేడా 0.1 శాతం దాటితేనే ఫెయిల్ అని పెడితే, 6,830 పిక్సెళ్ల దాకా ఏం మారినా పాసే. చీర ధరలో ఒక సున్నా ఎగిరిపోతే మారేది వందో రెండొందలో. ఒడియా పదంలో ఒక మాత్ర (గుణింతం గుర్తు) పోతే అంత కూడా ఉండదు. అదే ధర ఉన్న పెట్టెను మాత్రం, 300 బై 80 ముక్కగా తీస్తే, హద్దు 24 పిక్సెళ్లకు దిగుతుంది. అప్పుడు సున్నా తప్పించుకోలేదు. ఇంకో తలనొప్పి కూడా ఉంది. పేజీ పైన ఒక్క వరస పెరిగితే కింద ఉన్నదంతా జరిగి, ఫుల్ పేజీ బొమ్మ నిండా తేడాను చూపించే గులాబీ రంగే. ఎక్కడ ఏం మారిందో వెతుక్కోవాలి.

అందుకని హెడర్, మెనూ, ధరల పెట్టె, చిరునామా, ఫుటర్ దేనికదే ముక్కగా బేస్‌లైన్ తీస్తాను. తిరిగే బ్యానరును హైడ్ సెలెక్టర్స్‌లో పెడతాను, దాని చోటు అలాగే ఉంటుంది. ఓసారి వచ్చి ఓసారి రాని ఆఫర్ పట్టీని రిమూవ్ సెలెక్టర్స్‌లో పెడతాను, అది చోటుతో సహా పోతుంది.

ఇదంతా చాదస్తమేమో అని నాకే అనిపించేది. తర్వాత ఒక హోస్టింగ్ కంపెనీ రాత్రికి రాత్రి ఓ చీరల దుకాణం సైటును కొత్త సర్వరుకు మార్చింది. పొద్దున రిపోర్టులో ఇంగ్లీషు ముక్కలు, ఫొటోలు అన్నీ పాస్. ఒడియా, తెలుగు ముక్కలు ఒక్కటి మిగలకుండా ఫెయిల్, అక్షరాలున్న చోటల్లా ఖాళీ డబ్బాలు. దుకాణం ఓనరుకు ఫోన్ చేస్తే, "అన్నీ బాగానే అగుపిస్తున్నాయి కదా బాబూ, మళ్లీ ఏం టెన్షన్?" అన్నారు. ఆయన చెప్పిందీ నిజమే. విండోస్‌లో నిర్మలా యూఐ ఫాంట్ ఉంటుంది, మా వెబ్‌ఫాంట్ (సైటు తెరిచినప్పుడు సర్వరు నుంచి దిగే ఫాంట్) రాకపోయినా అది ఆదుకుంది.

ముక్కలు విడిగా ఉన్నాయి కాబట్టి ఫాంట్ తప్ప ఇంకేదీ కారణం కాదని చూడగానే తెలిసిపోయింది. సైటు తెరుచుకునే అడ్రసులో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉంది, ఫాంట్ ఫైళ్ల అడ్రసులో లేదు. బ్రౌజరుకు అవి రెండు వేర్వేరు చోట్లు. వేరే చోటి నుంచి వచ్చే ఫొటోలను అది మామూలుగా చూపించేస్తుంది గానీ, ఫాంటును మాత్రం అవతలి సర్వరు ఫైలుతో పాటు వాడుకోవచ్చని చెప్పే అనుమతి హెడర్ పంపితేనే వాడుతుంది. పాత సర్వరులో ఉన్న ఆ హెడర్ కొత్తదానికి రాలేదు. ఫోన్లో తెరిచి చూస్తే, వేరే ఫాంట్ పడటంతో తెలుగు మెనూ రెండు వరసలై, ఆర్డరు బటన్ కిందికి పోయి ఉంది.

నేను అనుకోకుండా కలిసొచ్చింది ఇంకొకటి. టెస్టులు నడిచే నా అద్దె లినక్స్ సర్వరులో తెలుగు, ఒడియా ఫాంట్లు లేవు. ఉండి ఉంటే అక్కడా వేరే ఫాంట్ ఆదుకునేది, తేడా ఇంత గట్టిగా కనపడేది కాదు. వెబ్‌ఫాంట్ వాడే సైట్లకు అందుకే ఇప్పటికీ ఆ ఫాంట్లు వెయ్యలేదు. సిస్టమ్ ఫాంట్ మీద నడిచే సైటయితే ఇది పనికిరాదు, బేస్‌లైనే డబ్బాలతో వస్తుంది. నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా ఫాంట్లు వేసుకోవాల్సిందే.

ఫలానా ఎలిమెంట్ వచ్చేదాకా ఆగమని చెప్పే రెడీ సెలెక్టర్‌ను నమ్మి బేస్‌లైన్ తియ్యొద్దు. అది ఎలిమెంట్ వచ్చిందని చెబుతుందే గానీ ఫాంట్ సంగతి చెప్పదు. బొమ్మ తీసే ముందు నడిచే ఆన్‌రెడీ స్క్రిప్టులో, ఫాంట్ల లోడింగ్ అయిపోయిందని చెప్పే డాక్యుమెంట్ డాట్ ఫాంట్స్ డాట్ రెడీ కోసం ఆగేలా రాసుకోవాలి.

కొత్త బొమ్మలను బేస్‌లైన్‌గా ఒప్పుకునే పని అప్రూవ్ అనే ఒక్క కమాండుతో అయిపోతుందని మా కుర్రాళ్ల దగ్గర తెగ పొగిడేవాణ్ని. ఇప్పుడు కొంచెం తగ్గించి చెబుతున్నాను. ఫలానా బొమ్మలే అని ఫిల్టర్ ఇవ్వకపోతే ఫెయిలైన బొమ్మలన్నిటినీ, మంచీ చెడూ చూడకుండా, బేస్‌లైన్‌లోకి ఎక్కించేస్తుంది. ముక్కలు ఎక్కువైన కొద్దీ ఒక్కోటి చూసి ఒప్పుకోవడం కూడా పనే. థీమ్ అప్‌డేటయి క్లాస్ పేర్లు మారితే సెలెక్టర్లు దొరక్క సగం టెస్టులు పడిపోతాయి.

నావి పండగలకు తప్ప పెద్దగా మారని కొద్దిపాటి దుకాణాల సైట్లు, పైగా ఉచితంగా దొరికే టూల్ కావాలి, అందుకని నాకు సరిపోయింది. రోజూ మారే వార్తల సైటు చూసుకునేవాళ్లకు ఇన్ని ముక్కలు పెట్టుకోమని చెప్పను. వాళ్లకు హెడర్, ఫుటర్, లాగిన్ ఫారం చాలు.