ఎన్‌కోడర్ల కోసం ఈఎస్‌పీ32 కొంటున్నారా? చిప్ పేరు చివరి అక్షరం దాకా చదవండి

ఒకటికి మించి రోటరీ ఎన్‌కోడర్లను (ఇరుసు ఎంత తిరిగిందో పల్సులుగా చెప్పే సెన్సర్లను) చదివించడానికి ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ చిప్ ఉన్న బోర్డులు కొనబోతున్నవారు దయచేసి ఇది చదవండి. నేను కొన్న ఆరు బోర్డుల్లో ఒక్కటీ నా పనికి ఉపయోగపడలేదు.

మా చిన్న యూనిట్‌లో ఐదు లైన్ల మీద కరెంటు వైరును కొలిచి చుట్టలు కడతాము. ప్రతి లైనుకూ 300 మిల్లీమీటర్ల చుట్టుకొలత గల చక్రం, దాని ఇరుసుకు 600 పల్సుల ఎన్‌కోడర్ ఉన్నాయి. ఎన్‌కోడర్ ఇచ్చే ఏ, బీ సిగ్నళ్ల ఎడ్జ్‌లన్నీ (సిగ్నల్ పైకి లేచిన, కిందికి దిగిన ప్రతిసారీ) లెక్కిస్తే చక్రం ఒక చుట్టు తిరిగేసరికి 2,400 వస్తాయి. వైరు సెకనుకు ఒక మీటరు నడిస్తే ఐదు లైన్లకూ కలిపి సెకనుకు 40,000. వీటిని ఇంటరప్టులకు, అంటే ప్రతి ఎడ్జ్‌కూ ప్రోగ్రాం చేస్తున్న పని ఆపి లెక్కించే పద్ధతికి, వదిలిపెట్టడం ఇష్టంలేక, ప్రోగ్రాం ప్రమేయం లేకుండా లెక్కపెట్టే పల్స్ కౌంటర్ యూనిట్లు ఎనిమిది ఉన్న మొదటి తరం ఈఎస్‌పీ32నే ఎంచుకున్నాను.

అమ్మకందారు పేజీలో పెద్ద అక్షరాలతో ‘ఈఎస్‌పీ32, కొత్త మోడల్, టైప్-సీ’ అని ఉంది. పల్స్ కౌంటర్ సంగతి ముందే అడిగితే, ‘అన్ని ఈఎస్‌పీ32లలోనూ ఉంటుంది సార్’ అన్నారు. ఆ మాట నమ్మి, బోర్డులు రాగానే పిన్నులు సోల్డర్ చేసి ప్రోగ్రాం ఎక్కించబోతే, ఇది ఈఎస్‌పీ32 కాదు, ఈఎస్‌పీ32-సీ3 అంటూ అప్‌లోడ్ ఆగిపోయింది. సీ3లో పల్స్ కౌంటర్ అసలే లేదు.

డబ్బు వృథా కాకూడదని ఇంటరప్టులతోనే నడిపి చూశాను. లెక్కను మాటిమాటికీ ఫ్లాష్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) భద్రపరుస్తున్నందున, ఆ రాత జరిగే కొన్ని మిల్లీసెకన్లలో వచ్చిన ఎడ్జ్‌లు లెక్కకు అందలేదు. 100 మీటర్లని చూపిన చుట్టను విప్పి టేపుతో కొలిస్తే 101 మీటర్లు దాటింది. సోల్డర్ చేశాను గనుక వాపసు తీసుకోబోమని అమ్మకందారు చెప్పారు. అదనంగా చెల్లిస్తే ఈఎస్‌పీ32-ఎస్3 అనే మరో రకం పంపుతామన్నారు. ఎస్3లో ఉన్న పల్స్ కౌంటర్ యూనిట్లు నాలుగే, నాకు కావలసినవి ఐదు. ఈ తేడా తెలియకుండా సరుకు అమ్మడం, అడిగినవారికి అంత ధీమాగా తప్పు చెప్పడం నన్ను నిజంగా బాధించింది.

కాబట్టి ఎన్‌కోడర్లు ఐదు నుంచి ఎనిమిది వరకు ఉంటే, మాడ్యూల్ రేకు మూత మీద ‘ఈఎస్‌పీ32-వ్రూమ్-32’ అన్న అక్షరాలు కనబడే ఫొటో అడిగి తెప్పించుకోండి. సరైన చిప్‌లోనూ ఒక్కో కౌంటరు 32,767 వరకే లెక్కిస్తుంది. మా చక్రానికి అది నాలుగు మీటర్ల వైరు మాత్రమే, అందువల్ల కౌంటరు నిండిన ప్రతిసారీ ప్రోగ్రాంలో కలుపుకోవాలి. 34, 35, 36, 39 పిన్నులకు లోపలి పుల్-అప్ (సిగ్నల్‌ను పై వోల్టేజీకి లాగి ఉంచే రెసిస్టర్) ఉండదు. ఓపెన్ కలెక్టర్ (సిగ్నల్‌ను కిందికి మాత్రమే లాగే రకం) ఎన్‌కోడర్ అయితే బయట రెసిస్టర్ పెట్టాలి, అదీ 3.3 వోల్టులకే, 5 వోల్టులకు కాదు.

బోర్డు చేతికి రాగానే, పిన్నులు సోల్డర్ చేయకముందే, యూఎస్‌బీ తగిలించి ఏదైనా ఖాళీ ప్రోగ్రాం ఎక్కించండి. చిప్ అసలు పేరు అప్పుడే తెర మీద కనబడుతుంది, వాపసు గడువూ మీ చేతిలోనే ఉంటుంది.