పికప్ వెనక భాగం 2 అంగుళాలు దించాక: ఆ సన్న రాడ్డు సంగతి ముందే చెప్పాల్సింది

నా పికప్ వెనక భాగం 2 అంగుళాలు దించి కొన్నేళ్లయింది. అందం కోసం కాదు, సామాను ఎక్కించేటప్పుడు నడుం పట్టేస్తోందని దించాను. ఆ సుఖం మొదటి రోజు నుంచే తెలిసింది. బరువైన పెట్టెను తొడ మీద ఆనించుకుని అలాగే లోపలికి నెట్టేయొచ్చు. ఇదివరకు చివర్లో ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున లేపాల్సి వచ్చేది. మలుపుల్లో ఖాళీ బండి ఊగడం కూడా తగ్గింది.

బిగింపు పెద్ద పనేం కాదు. నా బండికి కమాన్ కట్టలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) యాక్సిల్ (చక్రాల ఇరుసు) కింద ఉంటాయి, అందుకని రెంటి మధ్య కిట్‌లో వచ్చిన బ్లాకులు (దిమ్మెలు) పెట్టి, రెంటినీ కలిపి పట్టే పొడుగు యూ-బోల్టులు వేస్తే సరిపోయింది. కట్టలు యాక్సిల్ పైన ఉండే బండికి అవే బ్లాకులు పెడితే దిగడం అటుంచి, ఇంకా పైకి లేస్తుంది. కొనేముందు బండి కింద ఒకసారి తొంగి చూడండి.

నా కోపమంతా బ్రేకుల విషయంలోనే. దించాక పడ్డ మొదటి వానలో, ఖాళీ బండితో మామూలు వేగంలోనే వెళ్తున్నాను. ముందు బండి ఆగితే బ్రేక్ తొక్కాను. వెనక చక్రాలు రెండూ ఒక్కసారిగా పట్టేసి, బండి వెనక భాగం పక్క లేన్‌లోకి జారింది. కాలు తీస్తే సర్దుకుంది గానీ, గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది. టైర్లు చూపించాను, బాగున్నాయన్నారు. వెనక బ్రేక్ డ్రమ్ములు విప్పించాను, లోపలి బ్రేక్ షూలూ బాగానే ఉన్నాయి. మళ్లీ వాన, మళ్లీ అదే జారుడు.

చివరికి ఒక పెద్ద వయసు మెకానిక్ బండి కిందికి దూరి, ఛాసిస్ (బండి చట్రం) మీది చిన్న వాల్వు నుంచి యాక్సిల్‌కి వెళ్లే సన్నటి రాడ్డును వేలితో కదిపి చూపించాడు. "బండి నిండా లోడుందని అనుకుంటోంది సార్ ఇది" అన్నాడు. లోడు పడితే బండి కుంగుతుంది, యాక్సిల్ ఛాసిస్‌కి దగ్గరవుతుంది, రాడ్డు కదిలి వెనక బ్రేకులకు ఎక్కువ ప్రెషర్ వెళ్తుంది. ఆ వాల్వు పనే అది. మనం బండిని దించేసరికి ఖాళీగా ఉన్నా దానికి లోడు ఉన్నట్టే లెక్క. వెనక బరువు లేదు, బ్రేక్ మాత్రం నిండు లోడుకి పడేంత పడుతోంది. తడి రోడ్డు మీద చక్రాలు పట్టేయక ఏం చేస్తాయి? బండి ఎత్తు పెంచుకున్నవాళ్లకి ఇదే తిరగబడి, లోడుతో ఉన్నప్పుడు వెనక బ్రేక్ చాలదు.

రాడ్డు తగిలించే బ్రాకెట్ మార్చి, ప్రెషర్ గేజ్ పెట్టి సరిచేశాక ఆ జారుడు మళ్లీ రాలేదు. కానీ కిట్‌తో వచ్చిన కాగితంలో యూ-బోల్టులు ఎంత బిగించాలో, కొంత దూరం తిరిగాక మళ్లీ ఎందుకు బిగించాలో అంతా ఉంది. ఈ వాల్వు గురించి ఒక్క ముక్క లేదు. అరచేతిలో పట్టే ఆ బ్రాకెట్ కూడా పెట్టెలో వేయలేదు. ప్రాణాల మీదికి తెచ్చే విషయాన్ని ఇలా వదిలేసినందుకు ఆ కిట్ చేసినవాళ్లని ఇప్పటికీ క్షమించలేను.

ఎక్కించడం సుఖమన్నాను గానీ, నిండుగా ఎక్కిస్తే గుంతల్లో యాక్సిల్ బంప్ స్టాపులను (అది ఛాసిస్‌కి తగలకుండా ఆపే రబ్బరు ముక్కలను) ధన్‌మని గుద్దుతుంది. పొట్టి రబ్బర్లు వేయించాక తగ్గింది, పూర్తిగా పోలేదు. ఊగడం తగ్గిందన్నదీ పొట్టి షాక్ అబ్జార్బర్లు పడ్డాకే నిలకడగా ఉంది. వెనక దిగితే ముందు లేస్తుంది కాబట్టి, ఎదుటివాళ్ల కళ్లల్లో కొట్టకుండా హెడ్‌లైట్లు కిందికి సెట్ చేయించాల్సి వచ్చింది.

నేను మోసేది సగం లోడే, తిరిగేది తారు రోడ్ల మీదే, పైగా నడుం నొప్పి మనిషిని. నాకైతే మళ్లీ కొన్నా దించే వాడతాను. రోజూ నిండు లోడు మోసేవాళ్లకి, మట్టి బాటల్లో తిరిగేవాళ్లకి మాత్రం దించుకోమని చెప్పలేను. కొత్త బండ్లు చాలావాటిలో ఈ పని ఎలక్ట్రానిక్స్ చూసుకుంటుంది కాబట్టి రాడ్డు ఉండదు. మీ బండికి ఉంటే, బోల్టులు విప్పకముందే అది ఏ వాలులో ఉందో ఫోటో తీసి పెట్టుకుని, పని అయ్యాక అదే వాలుకి తెప్పించుకోండి.