రాతపూర్వక ఒప్పందమా, నోటిమాట మద్దతా: కెనడాలో రెండు మైనారిటీ ప్రభుత్వాలు

2017 మేలో కెనడా రాష్ట్రమైన బ్రిటిష్ కొలంబియా ఎన్నికల్లో 87 స్థానాలకు గాను లిబరల్ పార్టీకి 43, న్యూ డెమోక్రటిక్ పార్టీ (ఎన్‌డీపీ)కి 41, గ్రీన్ పార్టీకి 3 దక్కాయి. మరుసటి సంవత్సరం మరో రాష్ట్రం న్యూ బ్రన్స్‌విక్‌లో 49 స్థానాల సభలో కన్జర్వేటివ్‌లకు 22, లిబరల్స్‌కు 21 రాగా, గ్రీన్ పార్టీ, పీపుల్స్ అలయన్స్ చెరి మూడు గెలిచాయి. రెండుచోట్లా అప్పటి ముఖ్యమంత్రులు సభ విశ్వాసం కోల్పోయి గద్దె దిగారు.

వారి స్థానంలో వచ్చిన నేతలు మద్దతు కూడగట్టిన దారులు మాత్రం వేరు. ఎన్‌డీపీ నేత జాన్ హోర్గన్, బడ్జెట్లకూ విశ్వాస తీర్మానాలకూ గ్రీన్ పార్టీ మద్దతిచ్చేలా, ప్రతిగా ఎన్నికల విధానంపై ప్రజాభిప్రాయ సేకరణ జరిపేలా, సంతకాలతో కూడిన ఒప్పందం కుదుర్చుకున్నారు; 2018లో ఆ సేకరణ జరిగింది, ఓటర్లు మాత్రం పాత పద్ధతికే మొగ్గు చూపారు. న్యూ బ్రన్స్‌విక్‌లో కన్జర్వేటివ్ నేత బ్లెయిన్ హిగ్స్‌కు అలాంటి పత్రమేదీ లేదు: పీపుల్స్ అలయన్స్ పద్దెనిమిది నెలల పాటు, అంశాన్ని బట్టి మద్దతిస్తామని మాట ఇచ్చింది. మన రాజకీయాల్లో బయటి నుంచి మద్దతు అనే మాటకు ఇదే దగ్గర.

చిన్న పార్టీకి పత్రమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అడగడానికి అందులో ఆధారం ఉంటుంది. అయితే ఆ రక్షణకూ హద్దుంది: గ్రీన్ పార్టీ అభ్యంతరం చెప్పినా హోర్గన్ 2020 అక్టోబరులో ముందస్తు ఎన్నికలకు వెళ్లి పూర్తి మెజారిటీ సాధించారు. హిగ్స్ అంతకు ఒక నెల ముందే అదే పని చేసి, అదే ఫలితం పొందారు.