రూన్‌స్కేప్ ట్రేడ్ స్క్రీన్: చెరువు గట్టు మీద ఆరేళ్లు వాడాక

భీమవరం దగ్గర మాకు రెండు రొయ్యల చెరువులున్నాయి. వనామీ రొయ్య పిల్ల వేశాక పట్టుబడి అయ్యేదాకా రాత్రుళ్లు నా కాపురం గట్టు మీద షెడ్డులోనే. నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్నంతసేపూ ఆ చప్పుడు చెవికి పట్టదు. ఆగిందంటే మాత్రం ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటాం. కరెంటు పోయి జనరేటర్ వెయ్యడం ఆలస్యమైతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. మెలకువగా ఉండటానికి ఏదో ఒకటి కావాలని 2019లో ఫోన్‌లో ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆట ఎక్కించుకున్నాను. అది మొబైల్‌కి వచ్చింది 2018 అక్టోబరులో. బొమ్మలు పాతకాలపువి, నా పాత ఫోన్‌లో కూడా నడుస్తుంది, ఒడ్డున కూర్చుని చేపలు పట్టుకోవచ్చు. చెరువు గట్టు మీద కూర్చుని ఫోన్‌లో చేపలు పట్టడం ఏంటని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది.

ఈ సమీక్ష ఆట మొత్తం గురించి కాదు. ఇద్దరు ఆటగాళ్లు సరుకు మార్చుకునేటప్పుడు ఒక పెట్టె తెరుచుకుంటుంది, దాని గురించి. వందలసార్లు వాడుంటాను, ఎప్పుడూ పట్టించుకోలేదు. కిందటి వేసవిలో మా మేనల్లుడు వేరే ఆటలో మోసపోయాకే దీని విలువ తెలిసింది.

వాడిది రాజోలు, పదమూడేళ్లు. సెలవులకి వచ్చి నాతోపాటు షెడ్డులోనే పడుకునేవాడు. వాడు ఆడే ఆటలో పడవలూ రేవులూ ఉంటాయి, పేరు ఎందుకులెండి. రెండు నెలలు కష్టపడి ఓ మంచి తెరచాప గెలుచుకున్నాడు. దానికి బదులు తొమ్మిదో లెవెల్ ఓడ ఇస్తానని ఎవడో వచ్చాడు. పెట్టెలో ఓడ పెట్టాడు. వీడు దాని మీద వేలు నొక్కిపట్టి చూశాడు, తొమ్మిదే. ‘ఆగు బ్రో, తప్పు నొక్కాను’ అని అవతలివాడు ఓడ తీసేశాడు, రెండు సెకన్లలో మళ్లీ పెట్టాడు. అదే బొమ్మ, అదే రంగు. వీడు యాక్సెప్ట్ నొక్కేశాడు. చేతికొచ్చింది ఒకటో లెవెల్ ఓడ. ఆ ఆటలో లెవెల్ బొమ్మ మీద ఉండదు, నొక్కిపడితేనే కనబడుతుంది.

‘చూసుకోవద్దట్రా?’ అన్నాను ముందు, అలవాటుగా.

‘చూశాను మావయ్యా, తొమ్మిదే ఉంది’ అన్నాడు ఏడుపు ఆపుకుంటూ.

ఫోన్ తీసుకుని ఆ పెట్టెను నేనూ తెరిచి చూశాను. వాడన్నది నిజమే. చూడాల్సింది చూశాడు. చూసిన తరవాత సరుకు మారింది. మారినట్టు స్క్రీన్ ఒక్క ముక్క చెప్పలేదు.

రొయ్యకి రేటు కౌంట్‌ని బట్టి ఉంటుంది. కిలోకి 30 తూగితే ఒక రేటు, 100 తూగితే ఇంకో రేటు. బేరం కుదిరిన రోజు వల విసిరి చూసిన కౌంట్‌తోనే సరుకు ఎత్తుదామంటే ఎవరు ఒప్పుకుంటారు? పట్టుబడి రోజున ఇద్దరి ఎదురుగా మళ్లీ కిలో తూచి లెక్కపెట్టాల్సిందే. దానికి కొనేవాడూ నొచ్చుకోడు, రైతూ నొచ్చుకోడు. వాడి ఆటలో లేనిది ఆ రెండో లెక్కే. రూన్‌స్కేప్‌లో ఉంది.

ఎలాగంటే, ట్రేడ్‌లో రెండు స్క్రీన్లు. మొదటిదాంట్లో మన సరుకు ఒకవైపు, అవతలివాడిది ఒకవైపు, రెండింటి విలువ అంచనాతో సహా. ఎవరైనా ఒక వస్తువు వెనక్కి తీసుకుంటే, అది ఉన్న చోట ఎర్రటి ఆశ్చర్యార్థకం టపటపా కొట్టుకుంటుంది. అంతకుముందు నొక్కిన యాక్సెప్ట్ చెల్లదు, మళ్లీ నొక్కాలి. ఇద్దరూ నొక్కాక రెండో స్క్రీన్ వస్తుంది. అక్కడ ఎవరూ ఏదీ తియ్యలేరు, పెట్టలేరు. నువ్వు ఇచ్చేది ఇదీ, నీకొచ్చేది ఇదీ అని పేర్లతో జాబితా. మనసు మార్చుకుంటే ఈ ట్రేడ్‌ను వెనక్కి తిప్పే దారే లేదని హెచ్చరిక. మళ్లీ ఇద్దరూ యాక్సెప్ట్ నొక్కితేనే సరుకు చేతులు మారుతుంది.

ఇంకోటి నాకు చాలా నచ్చింది నాణేల రంగు. మన కన్ను లక్ష దగ్గర కామా వెతుక్కుంటుంది, ఆటలేమో మిలియన్ల పద్ధతిలో కామాలు పెడతాయి. అర్ధరాత్రి రెండింటికి కళ్లు మూతలు పడుతుంటే ఒక సున్నా ఎక్కువుందో తక్కువుందో ఎవడు చూస్తాడు? ఇక్కడ చిన్న మొత్తాలు పసుపు రంగులో ఉంటాయి. లక్ష దాటితే తెలుపు, వెనక ‘కే’ అక్షరం, అంటే వేలు. కోటికి చేరితే ఆకుపచ్చ, వెనక ‘ఎమ్’, అంటే మిలియన్లు. మన కోసం చేసింది కాదు గానీ, రంగు మారేది సరిగ్గా లక్ష దగ్గరా కోటి దగ్గరా. కోటి అని చెప్పి పది లక్షలు పెట్టాడా, అంకె చదవక్కర్లేదు, తెల్లగా ఉంటే ఆగిపోవడమే.

ఇంత ఉన్నా నేనూ ఇందులోనే మోసపోయాను. అది చెప్పకపోతే సమీక్ష సగమే అవుతుంది. గ్రాండ్ ఎక్స్చేంజ్ అని ఒక బజారుంది, అక్కడ ఎవరి ముఖమూ చూడక్కర్లేకుండా కొనొచ్చు, అమ్మొచ్చు. 2021 చివర్లో అమ్మకం మీద 1 శాతం పన్ను పెట్టారు, 2025లో 2 శాతం చేశారు. ఆ బజారు ముందు ఎప్పుడు చూసినా డబ్బు రెట్టింపు చేస్తామని అరిచేవాళ్లుంటారు. పదివేల నాణేలు ఇచ్చాను, ఇరవై వేలు వచ్చాయి. యాభై వేలు ఇచ్చాను, లక్ష వచ్చింది. అప్పుడు ఇరవై లక్షలు పెట్టాను. రెండో స్క్రీన్‌లో నాకు వచ్చేది అన్నచోట ‘అబ్సల్యూట్లీ నథింగ్!’ అని ఉంది. ఏమంటే ఏమీ లేదని. చదివాను కూడా. చదివే నొక్కాను. మా నాన్న చిట్టీల్లో పోగొట్టుకుంటే ఏళ్లతరబడి దెప్పిన మనిషిని నేను.

ఈ రెండు మోసాలనీ ఒకే గాటన కట్టడం తప్పనిపిస్తుంది నాకు. మేనల్లుడి కేసులో కన్ను మోసపోయింది. అది ఆపాల్సింది, ఆపగలిగింది ఆట చేసినవాళ్లే. ‘జాగ్రత్తగా ఉండాలి’ అని ఆటగాడికి నీతులు చెప్పడం చేతకానితనం. నా కేసులో స్క్రీన్ నిజమే చెప్పింది, దాని తప్పేమీ లేదు.

ఆపాలనుకుంటే నాలాంటివాళ్లనీ ఆపొచ్చు. ఒకప్పుడు దీనికి మూలమైన అసలు రూన్‌స్కేప్‌లో ఆపారు కూడా. అసలు డబ్బుకి ఆట నాణేలు అమ్మే దందా పెరిగిపోయిందని 2008 జనవరి నుంచి ట్రేడ్‌కి గట్టి పరిమితి పెట్టారు. రెండువైపులా విలువ ఇంచుమించు సరిపోవాలి, లేకపోతే ట్రేడ్ అవదు. మా పెద్దమ్మ కొడుకు ఆ రోజుల్లో అమలాపురం నెట్ సెంటర్లో ఆడేవాడు. ఇంజినీరింగ్‌కి వెళ్తూ తన కవచం స్నేహితుడికి ఊరికే ఇద్దామనుకున్నాడట. ఊరికే ఇవ్వడం కుదరదు కదా, దాచుకున్నాడు. చివరికి ఆటగాళ్ల చేత ఓటేయించి, 2011 ఫిబ్రవరిలో ఆ పరిమితి ఎత్తేశారు. మోసానికీ బహుమతికీ స్క్రీన్ మీద తేడా ఉండదు, రెండింట్లోనూ ఒకవైపు ఖాళీయే.

మోసం ఆటలో భాగమే కదా అనేవాళ్లూ ఉన్నారు. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్షం ఆటలో మాటతో బుట్టలో వేసుకోవడం నిజంగానే నిబంధనలకు విరుద్ధం కాదు, ఆడేవాళ్లకి అది తెలిసే దిగుతారు. తూకం రాయి మార్చడం వేరే సంగతి.

లాప్‌టాప్‌లో స్టీమ్ అనే ఆటల దుకాణం కూడా వాడతాను, కౌంటర్ స్ట్రైక్ అనే కాల్పుల ఆటలో తుపాకుల రంగులు మార్చుకోవడానికి. అక్కడ దొంగలు అకౌంట్‌లోకే దూరతారు. నెలకి దాదాపు 77,000 అకౌంట్లు దొంగల పాలవుతున్నాయని 2015లో దాన్ని నడిపే వాల్వ్ కంపెనీవాళ్లే ప్రకటించారు. అప్పటి నుంచి ఫోన్‌లో కన్ఫర్మ్ చెయ్యాలి. ఫోన్ జతచెయ్యనివాళ్ల సరుకు 15 రోజుల దాకా ఆపేస్తారు. 2025 జులైలో ఇంకో అడుగు వేశారు: కౌంటర్ స్ట్రైక్ వస్తువులు ఇచ్చిన ఏడు రోజుల్లోపు ట్రేడ్‌ను వెనక్కి తిప్పుకోవచ్చు. దొంగతనానికి ఇది మంచి మందే. కానీ నాకు అన్నిటికన్నా పనికొచ్చింది చిన్న విషయం. ఫోన్‌లో కన్ఫర్మ్ చేసేటప్పుడు అవతలి అకౌంట్ ఎప్పటి నుంచి ఉందో, దాని లెవెల్ ఎంతో చూపిస్తుంది. మన స్నేహితుడి పేరూ ఫొటోయే పెట్టుకుని దొంగ వస్తే, పేరు కాపీ కొట్టగలడు గానీ అకౌంట్ వయసు కొట్టలేడు కదా. ప్రతి ఆటలోనూ ఇది ఉండాలి. రూన్‌స్కేప్ రెండో స్క్రీన్‌లోనూ ఈ ముక్క చేరిస్తే బాగుణ్ణు.

రోబ్లాక్స్‌లో అడాప్ట్ మీ అనే ఆటలో అయితే మోసాల మీద చిన్న పరీక్ష పాసైతేనే అరుదైన జంతువుల్ని మార్చుకునే లైసెన్సు ఇస్తారు. మా మేనల్లుడు ఆ పరీక్ష పాసైనవాడే. ఓడ పోయింది అది పాసయ్యాకే.

రూన్‌స్కేప్‌లో నాకు అడ్డుపడే విషయాలు రెండు. మేత చల్లి వచ్చిన తడి చేత్తో నొక్కితే స్క్రీన్ సరిగ్గా తీసుకోదు, అది నా ఫోన్ తప్పు. రెండోది భాష. ఆ హెచ్చరికలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. పదో తరగతితో ఆపేసిన మా చెరువు కుర్రాడికి ఎర్ర గుర్తు అర్థమవుతుంది, నాణేల రంగు అర్థమవుతుంది, హెచ్చరిక వాక్యం అర్థం కాదు. అందుకే మాటలకంటే రంగులకీ గుర్తులకీ నేను ఎక్కువ మార్కులేస్తాను. పదికి ఎనిమిదిన్నర.

ఓడ పోయాక మేనల్లుడు ఆ పడవలాట తీసేశాడు. ఈ దసరా సెలవుల్లో నా పక్కనే కూర్చుని రూన్‌స్కేప్ మొదలుపెట్టాడు. మొన్న రాత్రి తను పట్టిన చేపలు ఇరవై నాకిస్తానన్నాడు. మొదటి స్క్రీన్ అయింది. రెండో స్క్రీన్ దగ్గర వాడి వేలు ఆగిపోయింది.

‘మావయ్యా, నాకు ఏమీ రాదంటోంది.’

‘అవున్రా, నేనేం పెట్టలేదు.’

నా ముఖం వంకా స్క్రీన్ వంకా రెండుసార్లు చూశాడు. తరవాత నొక్కాడు.