స్లాబుకేసి తిప్పే ఫ్లాష్: నాలుగేళ్ల వాడకం తర్వాత

కెమెరా కొన్నాక తర్వాత ఏం కొనాలి అని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ అంటారు (ఎఫ్ పక్క అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది). మంచి లెన్సే, కాదనను. కానీ క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరాకి తగిలించి రెండు మీటర్ల దూరం నుంచి ఎఫ్/1.8లో తీస్తే స్పష్టంగా వచ్చే లోతు నాలుగంగుళాలే. బారసాలలో ఉయ్యాల చుట్టూ నలుగురు నిలబడితే ఒకరి కళ్లు స్పష్టంగా, ముగ్గురివి మసకగా వస్తాయి. కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్స్‌నే ఎఫ్/5.6లో పెట్టి, ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద నలుగురినీ స్పష్టంగా తీయించే వస్తువు ఒకటుంది. తల తిరిగే మాన్యువల్ ఫ్లాష్. ధరలో ఆ లెన్స్ కన్నా తక్కువకే దొరుకుతుంది.

యోంగ్నో 560 వరస, గోడాక్స్ టీటీ600, ఇలా ఈ కోవలో చాలా ఉన్నాయి. నాలుగు డబుల్ ఏ సెల్స్, కింద మధ్యలో ఒక పిన్ను, పవర్ ఫుల్ నుంచి 1/128 దాకా. అన్నిటి సంగతీ అదే. నేను నాలుగేళ్లుగా వాడుతున్నది వీటి బాపతే. మోడల్ నంబర్ల జోలికి పోను. ఈ సమీక్ష దాదాపు అంతా దాని మెడ గురించి.

తల నేరుగా ఎదుటివాళ్ల మొహం మీదికి పెట్టి కొడితే వచ్చే ఫొటో అందరికీ తెలిసిందే: నుదురు జిడ్డుగా మెరుస్తుంది, వెనక గోడ మీద నల్లటి నీడ పడుతుంది, పట్టుచీర జరీ అంచు తెల్లటి గీతగా మారిపోతుంది. అదే తలను స్లాబుకేసి తిప్పితే స్లాబే ఓ పెద్ద దీపం అవుతుంది. జరీలో పోగులు పోగులుగా కనిపిస్తాయి. కళ్లద్దాల్లో మెరుపు చాలావరకు పోతుంది.

మొదట్లో అందరూ చేసే పొరపాటు తలను నిటారుగా, 90 డిగ్రీలు పైకి పెట్టడం. మనిషి మూడు నాలుగు అడుగుల దూరంలోనే ఉంటే వెలుగు సరిగ్గా నడినెత్తి మీదనుంచి దిగుతుంది. కనుగుంటల్లో చీకటి చేరి, పెళ్లికూతురైనా వారం రోజులు నిద్రలేనట్టు కనబడుతుంది. తలను కొంచెం వెనక్కి, అంటే తీసేవాళ్ల భుజం మీదుగా, వెనక గోడా స్లాబూ కలిసే మూలకి తిప్పాలి. వెలుగు అక్కడ పడి ముందుకొచ్చి మొహాన్ని తాకుతుంది. ఒకవైపు గోడ తెల్లగా ఉంటే అటు వాల్చితే చెక్కిళ్లకు ఒక పక్క నీడ వచ్చి మొహానికి రూపు వస్తుంది. కెమెరాను నిలువుగా పట్టుకున్నప్పుడు తలను మళ్లీ తిప్పుకోవాలి. ఇది మరిచి గోడకి కొట్టి, వెలుగు రాలేదని ఫ్లాష్‌ను తిట్టేవాళ్లు బోలెడుమంది.

పదడుగుల ఎత్తు తెల్ల స్లాబు ఉన్న మామూలు గదికి మొదలెట్టే లెక్క ఇది: కెమెరా మాన్యువల్ మోడ్, ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుగును పట్టే చురుకు) 800, ఎఫ్/4, షట్టర్ 1/125, ఫ్లాష్ 1/8 పవర్, తల జూమ్ (వెలుగు పరుచుకునే వెడల్పు) 35 దగ్గర. కిట్ లెన్స్‌ను 55కి లాగితే ఎఫ్/5.6 కన్నా తెరుచుకోదు గనక ఫ్లాష్ 1/4కి పెంచాలి. వెనకాల గది చీకటిగా వస్తే షట్టర్‌ను 1/60కి దించాలి. మనుషులు వెలిగిపోతుంటే పవర్ ఒక మెట్టు తగ్గించాలి. షట్టర్ గది వెలుగును మారుస్తుంది, ఫ్లాష్ వెలుగును ముట్టుకోదు. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతాదంతా అరగంట పని. షట్టర్‌ను 1/200 దాటిస్తే మాత్రం ఫొటోలో ఒక అంచున నల్లటి పట్టీ వస్తుంది. ఆ వేగంలో షట్టర్ తెరలు రెండూ ఒకేసారి పూర్తిగా తెరుచుకుని ఉండవు, అందుకే.

టీటీఎల్ (ఫ్లాష్ పవర్‌ను కెమెరానే లెక్కకట్టుకునే సదుపాయం) లేదు, ప్రతిసారీ చేత్తో తిప్పుకోవాలంటే విసుగు కదా అంటారు. నేరుగా కొట్టేటప్పుడు అది నిజమే, మనిషి రెండడుగులు జరిగితే లెక్క తప్పుతుంది. స్లాబుకి కొట్టేటప్పుడు వెలుగు గదంతా పరుచుకుంటుంది కాబట్టి పిల్లాడు సోఫా మీంచి టీవీ దాకా పరిగెత్తినా పవర్ ముట్టుకోనక్కర్లేదు. గది మారితేనే మార్చాలి.

ఇంతగా మెచ్చుకున్నాక చెప్పకపోతే మోసమవుతుంది: పైన చెప్పినదంతా తెల్ల స్లాబు ఉన్న ఇళ్లకే. లేతాకుపచ్చ డిస్టెంపర్ వేసిన గదిలో మొహాలన్నీ పసరుపూసినట్టు వస్తాయి. పెంకుటిల్లు, రేకుల షెడ్డు, చెక్క ఫాల్స్ సీలింగ్ వెలుగును మింగేస్తాయి. ఫంక్షన్ హాల్లో పైకప్పు ఇరవై అడుగులుంటే ఫుల్ పవర్‌లో కొట్టినా కిందకి దిగేది కొంచెమే. షామియానా కింద అయితే ఆ గుడ్డ రంగే అందరి మీదా. అలాంటి చోట్ల తెల్ల థర్మోకోల్ షీటు ఒకటి, రెండడుగుల ముక్క చాలు, పక్కన ఎవరిచేతైనా పట్టించి దానికేసి కొడితే గండం గట్టెక్కుతుంది. పట్టుకోడానికి మనిషి లేకపోతే చేసేదేమీ లేదు, తల నేరుగా పెట్టి కొట్టడమే. పసుపుపచ్చ ఎల్‌ఈడీ బల్బుల గదిలో ఫ్లాష్ వెలుగు నీలంగా అనిపిస్తుంది. తల మీద లేత నారింజ జిలటిన్ కాగితం ఒక పొర అంటించి, కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) టంగ్‌స్టన్ వైపు, అంటే పసుపు బల్బు వైపు, తెస్తే రెండూ దగ్గరపడతాయి, అచ్చంగా కలవవు.

ఇక నాలుగేళ్లలో వచ్చిన ఒకే ఒక్క పెద్ద తంటా. రెండో ఏడు దాటాక లక్షణాలు ఇలా మొదలయ్యాయి: మొదటి పది ఫ్రేములు బాగానే పడతాయి. ఆ తర్వాత రెడీ లైటు వెలగడానికి మూడు సెకన్లు పట్టేది కాస్తా పది, పన్నెండు సెకన్లకు పోతుంది. ఇంకో రెండు కొట్టాక ఫ్లాష్ దానంతటదే ఆగిపోతుంది. పావుగంట పక్కన పెడితే మళ్లీ రెండు పడతాయి. చూసినవాళ్లెవరైనా కెపాసిటర్ (మెరుపుకి కావాల్సిన కరెంటు నిలవచేసే భాగం) పోయిందనో, బోర్డు మార్చాలనో అంటారు. రిపేరు షాపులో వచ్చిన మాట కూడా అదే, చెప్పిన ఖర్చు కొత్త ఫ్లాష్‌లో సగం పైనే.

ఫ్లాష్‌కి ఏమీ కాలేదు. అసలు దొంగ చార్జరే. రీచార్జి సెల్స్‌తో పాటు కట్టగట్టి అమ్మే చవక చార్జర్లలో నాలుగు గుంటలుంటాయి, లైట్లు మాత్రం రెండే. అంటే సెల్స్‌ను జతలుగా, ఒకదాని వెనక ఒకటి కలిపి చార్జి చేస్తుందన్నమాట. జతలో ఒకటి ముందే నిండితే దాన్ని ఇంకా కాలుస్తూ పోతుంది, లేదా రెండోది నిండకుండానే కట్టేస్తుంది. రెండేళ్లపాటు వారానికోసారి ఇదే జరిగితే ఒక సెల్ చచ్చుబడుతుంది. ఫ్లాష్‌లో నాలుగూ వరసగా కలిసే ఉంటాయి గనక బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది, మిగతా మూడూ దాని గుండా కరెంటును ఎదురు తోస్తాయి. దాంతో అది పూర్తిగా పోతుంది. పైకి చూస్తే నాలుగూ ఒకేలా ఉంటాయి.

పట్టుకునే ఉపాయం చాలా సులువు. ఫ్లాష్ నెమ్మదించిన వెంటనే, సెల్స్ తేరుకోకముందే, బయటికి తీసి మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ చూడాలి. ఇక్కడ మూడు 1.24 వోల్టుల దగ్గర నిలిచాయి, నాలుగోది 0.8. రాత్రంతా ఉంచి పొద్దున్న చూస్తే అదీ 1.2కి పాకి మంచిదానిలా కూర్చుంటుంది, అందుకే వెంటనే చూడమంటున్నది. దాన్ని పారేసి, మిగతా మూడింటినీ రిమోట్లకీ గోడ గడియారానికీ ఇచ్చేసి, కొత్త నాలుగు వేస్తే ఫ్లాష్ కొన్నరోజులా కొట్టింది.

అప్పట్నుంచి పాటించేవి: ఒక్కో గుంటకి ఒక్కో లైటున్న చార్జర్. గుంటకి 500 మిల్లీఆంపులు ఇచ్చేదైతే 2000 ఎంఏహెచ్ సెల్స్ నాలుగైదు గంటల్లో నిండుతాయి. గంటలో నింపేస్తామనే చార్జర్లలో సెల్స్ చెయ్యి పెట్టలేనంత కాలుతున్నాయంటే వాటి ఆయువు తరుగుతున్నట్టే. సెల్స్ మీద మార్కర్‌తో క1, క2, క3, క4 అని, రెండో సెట్ మీద చ1 నుంచి చ4 దాకా రాసి, సెట్లను ఎప్పుడూ కలపకూడదు. కొనేటప్పుడు పక్కనపెట్టినా చార్జి నిలిచే రకం, ఎనెలూప్ లాంటివి, తీసుకోవాలి. డబుల్ ఏ సైజులో 2700 దాటి ఎంఏహెచ్ రాసి ఉంటే నేను నమ్మను. గోడ గడియారంలో వేసే మామూలు సెల్స్ ఫ్లాష్‌కి బొత్తిగా పనికిరావు, అవి అంత కరెంటు ఒక్కసారిగా ఇవ్వలేవు. యూఎస్‌బీతో చార్జి చేసే 1.5 వోల్టుల లిథియం సెల్స్ కూడా అంతే. వోల్టేజీ చూసి మోసపోవద్దు, ఫ్లాష్ గట్టిగా లాగినప్పుడు వాటి లోపలి సర్క్యూట్ తాళలేక కట్టేసుకోవచ్చు.

ఆల్కలైన్ సెల్స్ అత్యవసరానికి వాడొచ్చు గానీ లోపల మరిచిపోతే కారతాయి. స్ప్రింగు మీద తెల్లటి పొడి కనబడితే ఇయర్‌బడ్‌ను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచి తుడిచి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్లీ తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్తవి వేయాలి. స్క్రూలు విప్పి లోపలికి మాత్రం వెళ్లొద్దు. సెల్స్ తీసేసినా కెపాసిటర్‌లో మూడొందల వోల్టుల దాకా నిలిచి ఉంటుంది. నెలల తరబడి వాడకపోతే సెల్స్ బయట పెట్టండి. రెండు మూడు నెలలకోసారి వేసి నాలుగైదు సార్లు కొట్టండి, కెపాసిటర్‌కి అది మంచిది.

కొనేముందు చూసుకోవాల్సిన చిక్కు ఇంకొకటుంది, ఇది ఫ్లాష్‌ది కాదు, కెమెరాది. మన దగ్గర తక్కువ బడ్జెట్‌లో బాగా అమ్ముడయిన కెనన్ కెమెరాల్లో 3000డీకీ, 200డీ రెండో రకానికీ పైనున్న షూ (ఫ్లాష్ దూర్చే గాడి) మధ్యలో పిన్ను తగిలే చుక్క ఉండదు. 1500డీ కొనేవాళ్లు కూడా షూ చూసుకోవాలి. ఆ చుక్క లేకపోతే ఒంటి పిన్ను ఫ్లాష్ పైన పెట్టినా మూగగా కూర్చుంటుంది. పాత 200డీకీ, నికాన్ డీ3000, డీ5000 వరసలకీ ఈ బెడద లేదు. షూ మధ్యలో గుండ్రటి లోహపు చుక్క కనబడిందా లేదా, అంతే పరీక్ష. మిర్రర్‌లెస్ అయితే సైలెంట్ షట్టర్ ఆపేయాలి. తెరమీద బొమ్మ నల్లగా కనబడుతుంటే సెట్టింగుల ప్రభావాన్ని తెరమీద చూపించే ఆప్షన్‌ను కూడా ఆపాలి.

చుక్క లేని కెమెరా ఉన్నవాళ్లకి ఒక దారుంది, నాలుగేళ్లలో నన్ను బాగా ఆశ్చర్యపరిచిందీ అదే. ఫ్లాష్‌ను ఎస్2 మోడ్‌లో పెట్టి బీరువా మీదో పుస్తకాల అరలోనో ఉంచి, తల స్లాబుకి తిప్పి, కెమెరాలో ఉన్న చిన్న ఫ్లాష్‌ను పైకెత్తి కొడితే, దాన్ని చూసి ఇదీ కొడుతుంది. కెమెరా ఫ్లాష్ ముందుగా ఇచ్చే చిన్న మెరుపును ఎస్2 పట్టించుకోదు, ఎస్1 దానికే మోసపోయి ముందే కొట్టేస్తుంది. కెమెరా ఫ్లాష్‌ను రెండు స్టాపులు (మెట్లు) తగ్గించుకుంటే మొహం మీద దాని ముద్ర పెద్దగా పడదు. గది లోపల ఇది దాదాపు ఎప్పుడూ పనిచేసింది. ఆరుబయట ఎండలో ఫ్లాష్ మీదున్న సెన్సర్‌కి ఏమీ కనబడదు. పెళ్లిలో అయితే పక్కవాళ్ల ఫ్లాష్‌కల్లా మనది కొడుతూ సెల్స్ ఖాళీ చేసుకుంటుంది.

సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు సొంత సెల్స్ పట్టుకెళ్లాలి. ఫుల్ పవర్‌లో అయిదుసార్లు కొట్టించి, రెడీ లైటు ప్రతిసారీ నాలుగైదు సెకన్లలో వస్తోందా చూడాలి. 1/128లో పదిసార్లు కొట్టి ఒక్కటైనా తప్పుతోందా గమనించాలి. ముందు గాజులోంచి చూస్తే లోపలి ట్యూబు చివరలు నల్లబడి ఉంటే, ప్లాస్టిక్ పసుపు తిరిగి ఉంటే బాగా పనిచేయించారని అర్థం. బ్యాటరీ తలుపు కీలు, కింది పాదం ఊగులాట, ఈ రెండూ ముందు విరిగే భాగాలు. రీళ్ల కాలంనాటి పాత ఫ్లాష్ చవగ్గా ఇస్తామంటే జాగ్రత్త: వాటిలో కొన్నిటికి పిన్ను దగ్గర రెండొందల వోల్టులు పైగా ఉంటుంది, డిజిటల్ కెమెరా కాలిపోవచ్చు. ఫ్లాష్ ఆన్ చేసి మధ్య పిన్నుకీ పక్క అంచుకీ మధ్య మల్టీమీటర్ పెట్టి చూస్తే, అయిదారు వోల్టులైతే భయం లేదు.

కొల్లేరులో పక్షులు తీసేవాళ్లకి ఇది దండగ, ఆ డబ్బు లెన్స్ కోసం దాచుకోవాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో మనుషుల్ని తీసేవాళ్లకీ అంతగా అక్కరకు రాదు, 1/200 హద్దు వల్ల ఎఫ్/11 దాకా మూయాల్సొస్తుంది. అక్కడ ఈ చిన్న ఫ్లాష్ వెలుగు ఆనదు. స్టేజీ మీద రోజూ పెళ్లిళ్లు తీసి డబ్బు సంపాదించేవాళ్లు టీటీఎల్ ఉన్నది కొనుక్కోవడమే మేలు, అక్కడ లెక్క సరిచూసుకునే తీరికుండదు. అపార్ట్‌మెంట్లో తెల్ల స్లాబు కింద పిల్లల్నీ పెద్దల్నీ పుట్టినరోజుల్నీ తీసేవాళ్ల చేతిలో నేనయితే 50 ఎంఎం కన్నా ముందు దీన్నే పెడతాను. ఫ్లాష్‌కి పెట్టే డబ్బులోంచే మంచి చార్జర్‌కీ ఎనిమిది సెల్స్‌కీ కూడా తీయాలి. అవి లేకుండా కొనేట్టయితే మరో రెండు నెలలు ఆగినా పోయేదేమీ లేదు.